దొంగ దొరకలేదని దోచుకోబడ్డదాన్ని దోషిని చేస్తారా?



మనలో తల నెరిసినవాళ్ళకు పాత జీతం రోజు జ్ఞాపకం ఉంటుంది. టైమాఫీసు కిటికీ దగ్గర వరుసలో నిలబడి, వేలిముద్రో సంతకమో పెట్టి, బ్రౌను కవరు తీసుకుని, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి రవిక లోపలో, నడుము పట్టీలోనో దాచుకునేవాళ్ళం. గేటు బయట వడ్డీ వ్యాపారి కాచుకుని ఉండేవాడు. గుడియాత్తం బస్సులో జేబుదొంగ కాచుకుని ఉండేవాడు. ఎవరి కవరైనా పోతే బస్సు ఆపేవాళ్ళం. తలుపులు మూసి అందరినీ వెతికేవాళ్ళం. డబ్బు దొరక్కపోతే తలా ఐదో పదో వేసుకుని ఆ ఇంటికి బియ్యం పంపేవాళ్ళం. అప్పుడు ఎవరూ పోగొట్టుకున్నవాణ్ణి "నువ్వే దొంగకు తీసిచ్చి ఉంటావు" అనలేదు.

ఇప్పుడు అంటున్నారు. నీటుగా చొక్కా వేసుకుని, ఫ్యాను కింద కూర్చుని, కంప్యూటరు చూస్తూ అంటున్నారు. ఈ మాట మీదనే ఈ వ్యాసం.

జరిగింది ఇది

పోయిన ఆడి నెలలో మన సంఘ సభ్యురాలు ఒకామె, వైండింగు సెక్షనులో పదకొండేళ్ళ సర్వీసు ఉన్న అక్క, తన బ్యాంకు ఖాతా నుంచి 23,500 రూపాయలు పోగొట్టుకుంది. అది ఆమె జీతం, దానితోపాటు అప్పుడే ఎత్తిన చీటీ డబ్బు. కూతురి కాలేజీ ఫీజు కోసం ఉంచుకున్నది.

అంతకు రెండు రోజుల ముందు ఆమె ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రి 9:30కి కనెక్షను తీసేస్తాం, ఈ నెంబరుకు ఫోను చేయండి అని. ఇంట్లో ఉన్న కొడుకు భయపడి ఫోను చేశాడు. అవతలివాడు పది రూపాయలు కడితే చాలన్నాడు. ఒక యాప్ పంపి ఎక్కించమన్నాడు. అబ్బాయి ఎక్కించి, కార్డు నెంబరు కొట్టాడు. కరెంటు పోలేదు. అందరూ ఆ సంగతి మరచిపోయారు.

ఆమె రాత్రి షిఫ్టుకు వచ్చింది. మన మిల్లులో షెడ్డులోకి ఫోను తీసుకుపోకూడదు గదా. గేటు దగ్గర పెట్టెలో వేసి లోపలికి పోయింది. పెట్టె తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది. రాత్రి 1:12కి 10,000, 1:15కి 9,500 ఖాతా నుంచి పోయాయి. ఆ సమయానికి ఆమె మెషిను దగ్గర కోన్‌లు మారుస్తూ ఉంది. బ్యాంకు పంపిన ఓటీపీలను ఆమె చూడనేలేదు. పెట్టెలో ఉన్న ఫోనులోని దొంగ యాప్ వాటిని దొంగకు చేరవేసింది.

ఉదయం 8 గంటలకు ఫోను చేతికి వచ్చింది. 9:30కి ఏడుస్తూ మన ఆఫీసుకు వచ్చింది. 9:45కి 1930 నెంబరుకు ఫోను చేయించాము. 9:55కి బ్యాంకు నెంబరుకు చేసి కార్డు, ఖాతా రెండూ ఆపమన్నాము. సరే అన్నారు, ఫిర్యాదు నెంబరు కూడా ఇచ్చారు. అదే రోజు 11:10కి ఇంకొక 4,000 పోయింది! తలుపు పగిలిందని ఇంటికాపుకు చెప్పిన తరువాత కూడా దొంగ రెండోసారి వచ్చి పోయాడన్నమాట.

బ్యాంకుకు వెళ్ళాము. అక్కడి ఆఫీసరు ఆమె ముఖమైనా సరిగా చూడకుండా "ఓటీపీ చెప్పేసి ఇప్పుడొచ్చి ఏడిస్తే ఎట్లామ్మా" అన్నాడు. పదకొండేళ్ళు వైండింగులో నిలబడి సంపాదించిన మనిషి ఆ మాటకు తల వంచుకుంది. దొంగతనం కంటే నాకు ఆ తల వంచడమే ఎక్కువ బాధ కలిగించింది.

మనల్ని బ్యాంకుకు ఎవరు పంపారు?

మొదట ఒక ప్రశ్న. ఈ ఖాతాలు మనం అడిగామా? 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం జీతం నోట్ల రూపంలో ఇవ్వాలి. బ్యాంకులో వేయాలంటే కార్మికుడు రాసి ఇచ్చిన అనుమతి కావాలి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు చెల్లవన్నారు. షిఫ్టు మానుకుని ఎన్ని రోజులు బ్యాంకుల ముందు నిలబడ్డామో వేలూరులో, గుడియాత్తంలో అందరికీ తెలుసు. ఆ వెంటనే ఆ చట్టానికి సవరణ వచ్చింది, 2017లో పార్లమెంటు దానిని ఆమోదించింది. రాతపూర్వక అనుమతి అనే మాట ఎగిరిపోయింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్‌లో కూడా మీ అనుమతి ప్రసక్తి లేదు.

నేను పాత కవరు మళ్ళీ కావాలనడం లేదు. బ్యాంకులో జీతం పడితే మేస్త్రీ కోత కోయలేడు, ఎంత ఇచ్చారో రికార్డు ఉంటుంది. ఆ లాభం మనకు ఉంది. నేను అడిగేది ఒక్కటే. నోట్లు లెక్కపెట్టే గుమాస్తా ఖర్చు యాజమాన్యానికి మిగిలింది. మన డబ్బు నెలంతా వాడుకునే లాభం బ్యాంకుకు దక్కింది. ప్రమాదం మటుకు మన నెత్తిన ఎందుకు పడాలి? నా సామాను నీ గోదాములో పెట్టుకోమని బలవంతంగా పెట్టించి, దొంగలు పడితే "తాళం నీ దగ్గరే ఉండె గదా" అంటే ఏ పంచాయితీ ఒప్పుకుంటుంది?

బ్యాంకులు ఎంత జాగ్రత్తపరులు?

చదువు లేనివాళ్ళు, ఆశపోతులు, ఏ లింకు పడితే అది నొక్కేవాళ్ళు అని మనకు పేరు పెట్టారు. సరే, చదువుకున్నవాళ్ళ సంగతి చూద్దాం.

2016 అక్టోబరులో దేశంలోని బ్యాంకులు సుమారు 32 లక్షల డెబిట్ కార్డులను రద్దు చేయడమో, పిన్ మార్పించడమో చేయవలసి వచ్చింది. ఏటీఎంల వ్యవస్థలోకే దొంగ ప్రోగ్రాము దూరింది. ఆ 32 లక్షల మందీ ఓటీపీ చెప్పారా?

2018 ఫిబ్రవరిలో మన తమిళనాడులోనే కుంభకోణం కేంద్రంగా ఉన్న సిటీ యూనియన్ బ్యాంకులో దొంగలు కంప్యూటర్లలోకి చొరబడి, మూడు చెల్లింపులుగా సుమారు 20 లక్షల డాలర్లు విదేశాలకు పంపించారు. బ్యాంకు వెంటనే పరుగెత్తింది గనుక న్యూయార్కు దారిలో ఉన్న 5 లక్షల డాలర్లు ఆగాయి.

2022 జనవరిలో హైదరాబాదులోని మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా దోచుకున్నారు. దొంగలు ఎట్లా వచ్చారు? ఉద్యోగులకు మోసపు ఈమెయిళ్ళు పంపారు, వాటిని నొక్కినవాళ్ళ కంప్యూటర్ల ద్వారా లోపలికి వచ్చారు. బ్యాంకు రక్షణ ఏర్పాట్లు సరిగా లేవని పోలీసులే చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది.

ఇప్పుడు చెప్పండి. చల్లని గదిలో, శిక్షణ పొందిన ఉద్యోగి ఒక ఈమెయిలు నొక్కితే అది "సైబర్ దాడి". కరెంటు తీసేస్తారన్న భయంతో మన పిల్లవాడు ఒక మెసేజి నమ్మితే అది "కస్టమరు నిర్లక్ష్యం". దొంగ ఒక్కడే, ఎర ఒక్కటే. పేర్లు మాత్రం రెండు. వాళ్ళ డబ్బు పోతే రాత్రికి రాత్రి పోలీసు బృందాలు రాష్ట్రాలు దాటుతాయి. మన డబ్బు పోతే "రేపు రండి".

రూలు ఏం చెబుతుంది?

బ్యాంకు బల్ల అవతల చెప్పే మాట వేరు, రూలు వేరు. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులరు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో కోఆపరేటివ్ బ్యాంకులకు, 2019 జనవరిలో ఫోను వాలెట్లకు అటువంటి రూళ్ళే పెట్టింది. అందులోని ముఖ్యాంశాలు కంఠతా పట్టండి.

తప్పు బ్యాంకుదైతే, మీరు ఫిర్యాదు చేసినా చేయకపోయినా మొత్తం నష్టం బ్యాంకుదే.

తప్పు బ్యాంకుదీ కాదు, మీదీ కాదు, మధ్యలో ఎవడో చొరబడ్డాడు అంటే, బ్యాంకు సమాచారం మీకు అందిన తరువాత మూడు పనిదినాల లోపల చెబితే మీకు ఒక్క పైసా నష్టం లేదు. సమాచారం అందిన రోజును లెక్కలో కలపరు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మీ నష్టానికి హద్దు ఉంది: మినిమం బ్యాలెన్సు అక్కరలేని ప్రాథమిక ఖాతాకు 5,000, మామూలు సేవింగ్సు ఖాతాకు 10,000. ఏడు దాటితే బ్యాంకు తన సొంత పాలసీ ప్రకారం నిర్ణయిస్తుంది.

మీరే పిన్, ఓటీపీ చెప్పారని తేలితే, మీరు ఫిర్యాదు చేసే క్షణం వరకు నష్టం మీది. ఫిర్యాదు చేసిన తరువాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే. ఇక్కడ ఎవరి నిర్లక్ష్యం అన్న ప్రశ్నే లేదు.

అన్నిటికంటే పెద్దది: తప్పు మీదే అని రుజువు చేయవలసిన బాధ్యత బ్యాంకుది. "చెప్పుంటావు" అన్నది రుజువు కాదు. ఫిర్యాదు అందిన పది పనిదినాల లోపల ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి, 90 రోజుల్లో తేల్చాలి.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. అస్సాంలో ఒక కస్టమరు 2021లో ఇట్లాగే సుమారు 94 వేలు పోగొట్టుకుని వెంటనే బ్యాంకుకు చెప్పాడు. బ్యాంకు మాకు సంబంధం లేదంది. గౌహతి హైకోర్టు అతనికి డబ్బు ఇమ్మన్నది. స్టేట్ బ్యాంకు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2025 జనవరి 3న సుప్రీంకోర్టు బ్యాంకు అప్పీలు కొట్టేసింది. కస్టమర్లు ఓటీపీలు ఎవరికీ చెప్పకుండా జాగ్రత్తగా ఉండాలని కూడా ఆ తీర్పులోనే చెప్పింది. రెండు మాటలూ మనం వినాలి.

యాజమాన్యం ఏం చేసింది?

మన అక్క కేసులో బ్యాంకు రాసిన మొదటి జవాబు: ఓటీపీతో జరిగింది గనుక కస్టమరే చేసినట్టు. సరే, ఆ సమయానికి ఆమె చేతిలో ఫోనే లేదని చూపిస్తామన్నాము. అందుకు హాజరు కాగితం, గేటు పెట్టె రిజిస్టరు నకలు కావాలి. టైమాఫీసుకు పోతే "బయటి తగాదాలకు మిల్లు కాగితాలు ఇవ్వం" అన్నారు. ఫోను లాక్కుని పెట్టెలో పెట్టుకునేటప్పుడు బయటి తగాదా కాదు, దానికి సాక్ష్యం చెప్పమంటే బయటి తగాదా! మూడు రోజులు తిప్పుకున్నారు. నాలుగో రోజు షిఫ్టు దిగిన నలభై మంది టైమాఫీసు ముందు నోరు మెదపకుండా నిలబడ్డారు. అరగంటలో కాగితం వచ్చింది.

ఇంకొక ఘోరం ఈ సందర్భంలోనే బయటపడింది. కాంట్రాక్టు మీద వచ్చిన ఆడపిల్లల ఖాతాలు కొన్ని తెరిచేటప్పుడు, వాళ్ళకు ఫోను లేదని కాంట్రాక్టరు తన మనిషి నెంబరు రాయించాడు. డబ్బు పడినా పోయినా మెసేజి ఆ మనిషికే పోతుంది. పిల్లకు తెలిసేది నెల తరువాత. కన్నం ఎవడు వేశాడో వెతకనక్కరలేదు, తలుపు కట్టినవాడే కన్నం పెట్టి కట్టాడు.

మనవాళ్ళతో కూడా రెండు మాటలు

ఎదుటివాళ్ళను తిట్టి మన తప్పు దాచుకోవడం యూనియన్ పద్ధతి కాదు. మనలో ఎంతమంది ఏటీఎం కార్డు కవరు మీదనే పిన్ రాసి పెట్టుకున్నారు? ఎంతమంది రాత్రి షిఫ్టు అలసటతో కార్డు, పిన్ రెండూ టీ కొట్టు అబ్బాయికి ఇచ్చి డబ్బు తెమ్మంటున్నారు? డబ్బు మనకు రావాలంటే పిన్ కొట్టనక్కరలేదు. పిన్ కొట్టించాడంటే వాడు మన డబ్బు తీస్తున్నాడని అర్థం. కరెంటు ఆఫీసు, బ్యాంకు, పి.ఎఫ్. ఆఫీసు ఏదైనా సరే, మెసేజిలో యాప్ పంపి ఎక్కించమంటే అది దొంగ పనే.

దీనికంటే చెడ్డది ఇంకొకటి ఉంది. కొందరు కుర్రవాళ్ళు బ్రోకర్ల మాట విని తమ పాస్‌బుక్కు, కార్డు, సిమ్ము అద్దెకు ఇస్తున్నారు. నీ ఖాతాలో మూడు రోజులు డబ్బు తిరుగుతుంది, నీకు కమీషను అంటారు. తమ్ముడూ, ఆ తిరిగే డబ్బు ఇంకొక మిల్లు అక్క కన్నీరు. పోలీసులు ముందు పట్టుకునేది నిన్నే, బ్రోకరును కాదు. అట్లా చేసినవాడికి యూనియన్ వెనక నిలబడదని ఇప్పుడే చెబుతున్నాను.

కమిటీ సమావేశంలో ఒక పెద్దాయన అడిగాడు: "బోనసు, డి.ఏ. మాట్లాడవలసిన యూనియనుకు ఈ ఫోను గోల ఎందుకయ్యా?" అన్నా, మనం సమ్మె చేసి నెలకు మూడు వందలు పెంచుకున్నాము. ఆమెకు ఒక్క రోజులో పోయింది ఆరున్నర సంవత్సరాల పెంపుదల. లెక్క వేసుకో. సంపాదించిన కూలిని కాపాడలేని సంఘం, కూలి పెంచమని ఏ ముఖంతో అడుగుతుంది?

డబ్బు పోతే వెంటనే ఏం చేయాలి?

రింగు ఫ్రేములో దారం తెగితే ఏం చేస్తాం? మేస్త్రీ వచ్చేదాకా ఆగుతామా? అప్పటికప్పుడు అతుకుతాం. ఇదీ అంతే. దొంగ మన డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు గంటల్లో దాటించేస్తాడు.

మొదట 1930కి ఫోను చేయండి. రాత్రయినా పగలైనా సరే. వాళ్ళిచ్చే నెంబరు రాసుకోండి. ప్రభుత్వ సైబర్ క్రైమ్ వెబ్‌సైటులో ఫిర్యాదు పూర్తి చేయడానికి ఆఫీసుకు రండి, మన కుర్రవాళ్ళు చేసిపెడతారు.

రెండు, బ్యాంకు నెంబరుకు ఫోను చేసి కార్డు, ఖాతా ఆపించండి. ఆ నెంబరు పాస్‌బుక్కు మీదో కార్డు వెనకో ఉన్నదే కావాలి. గూగుల్లో వెతికిన నెంబరు కాదు, అక్కడ కూడా దొంగలు కూర్చున్నారు. ఫిర్యాదు నెంబరు, టైము రాసుకోండి.

మూడు, అదే రోజు బ్యాంకు శాఖకు వెళ్ళి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయమంటే, స్పీడ్ పోస్టులో పంపండి. నోటి మాట నీటి మూట.

నాలుగు, మెసేజిలు చెరపకండి. దొంగ యాప్ ఉన్న ఫోనులో ఇంటర్నెట్ ఆపేసి ఆఫీసుకు తీసుకురండి. వేలూరు సైబర్ క్రైం పోలీసు స్టేషనుకు తోడుగా మేమే వస్తాము.

ఐదు, ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయాలి. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. తపాలాలో కూడా పంపవచ్చు. వివరాలకు ఫోను 14448.

మన కోర్కెలు

ఒకటి, షిఫ్టులో ఉన్నవాళ్ళ ఫోన్లు గేటులో పెట్టించుకునే యాజమాన్యం, మధ్యలో ఒకసారి మెసేజిలు చూసుకోవడానికి పది నిమిషాలు ఇవ్వాలి. టైమాఫీసు ఫోను నుంచి 1930కి చేయనివ్వాలి.

రెండు, ఫిర్యాదు కోసం బ్యాంకుకు, పోలీసు స్టేషనుకు పోయే రోజుకు జీతంతో సెలవు ఇవ్వాలి. హాజరు కాగితం అడిగిన రోజే ఇవ్వాలి.

మూడు, ప్రతి జీతం ఖాతాకూ కార్మికుల సొంత ఫోను నెంబరే ఉండాలి. కాంట్రాక్టరు మనుషుల నెంబర్లన్నీ నెల లోపల తీసేయాలి.

నాలుగు, జీతం ఖాతాలు ఉన్న బ్యాంకు ఆరు నెలలకు ఒకసారి మిల్లుకు వచ్చి తెలుగులో, తమిళంలో రూళ్ళు చెప్పాలి. మా శాఖలో ఎంతమంది ఫిర్యాదు చేశారు, ఎంతమందికి తిరిగి వచ్చింది అని బోర్డు మీద రాయాలి.

చివరగా

మన అక్క కేసు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి ముగిస్తాను. ఫిర్యాదు తరువాత పోయిన 4,000 బ్యాంకు తిరిగి జమ చేసింది. 1930 ద్వారా వేరే ఖాతాలో ఆగిన 7,500 కోర్టు ఉత్తర్వు మీద చేతికి వచ్చింది. మిగిలిన 12,000కి బ్యాంకు ఇంకా ఒప్పుకోలేదు. కార్డు నెంబరు కొట్టడం మీ తప్పు అంటుంది. పిల్లవాడు కొట్టాడు, అది పొరపాటే, మేము దాచలేదు. కాని ఓటీపీ ఆమె ఎవరికీ చెప్పలేదు. రాత్రి ఒంటిగంటకు, ఎన్నడూ లేని చోటికి, మూడు నిమిషాల్లో రెండు పెద్ద మొత్తాలు పోతూంటే బ్యాంకు యంత్రం ఎందుకు నిద్రపోయింది అని అడుగుతున్నాము. ఫైలు అంబుడ్స్‌మన్ దగ్గర ఉంది. గెలుస్తామని మాట ఇవ్వలేను, వదలమని మాత్రం మాట ఇస్తున్నాను.

కూతురి ఫీజు గడువు దాటకుండా వైండింగు సెక్షను వాళ్ళు చందా వేసి కట్టారు. ఆ పాత బస్సు ఇంకా ఆగుతుంది. పోయిన వారం అదే బ్యాంకులో ఇంకొక చెల్లెలి ఫిర్యాదుకు ఆ అక్కే తోడు పోయింది. ఆఫీసరు మళ్ళీ అదే మాట మొదలుపెట్టాడట. ఈసారి ఆమె తల వంచలేదు. "రుజువు చేయవలసింది మీరండీ, మేము కాదు. ముందు నకలు మీద ముద్ర వేయండి" అన్నదట.

ముద్ర వేశాడు.

డబ్బు పోయిందని సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. ఆఫీసుకు రండి. సిగ్గుపడవలసినవాళ్ళు వేరే ఉన్నారు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి